ముసలి ముఖం, పడుచు కాళ్లు

ప్రియ మిత్రునికి,

నేను క్షేమం. నీవు, చెల్లెమ్మ, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. పారిస్ నుంచి వచ్చి పది రోజులైనా ఉత్తరం రాయలేదని కోపగించుకోకు. చూసినవాటిలో నీకు చెప్పవలసినది ఏదో తేల్చుకోవడానికే ఇన్నాళ్లు పట్టింది.

లూవ్ర్ మ్యూజియంలో నన్ను కదలనివ్వనిది మోనాలిసా కాదు. అక్కడ నాకు జనం తలలే కనిపించాయి. నన్ను నిలబెట్టేసింది రిగో అనే చిత్రకారుడు 1701లో వేసిన ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ నిలువెత్తు పటం. దాని ఎత్తు 277 సెంటీమీటర్లు, అంటే తొమ్మిది అడుగులు. అరవై దాటిన ఆ రాజుకు పైదవడ పళ్లు 1685 ప్రాంతంలోనే ఊడబెరికారు. రిగో ఆ సంగతి దాచలేదు: బుగ్గలు జారి ఉన్నాయి, నోరు లోపలికి పోయింది. అయితే చూపు కిందికి దించితే, పక్కకు తొలగించిన రాజవస్త్రం నుంచి తెల్లని మేజోళ్లతో, ఎర్ర మడమల జోళ్లతో ఇరవై ఏళ్ల నర్తకుడి కాళ్లు బయటికి వస్తాయి. పద్నాలుగేళ్లప్పుడు, 1653లో, సూర్యుడి వేషం కట్టి సభలో నాట్యమాడిన కాళ్లవి. వాటిని ఆయన మరచిపోలేదు, చిత్రకారుడినీ మరచిపోనివ్వలేదు. స్పెయిన్‌కు రాజైన మనవడికి బహుమతిగా పంపడానికని వేయించిన ఆ పటం ఎంత ముచ్చటగా తోచిందో ఏమో, అసలుదాన్ని తన దగ్గరే అట్టేపెట్టుకున్నాడు. తాతగారి ముచ్చట ముందు మనవడి బహుమతి ఏపాటిది!

మరునాడు పారిస్ దగ్గరి వెర్సాయ్ రాజభవనంలో ఆయన పడకగది చూశాను. అదే 1701లో దానిని భవనానికి సరిగ్గా నడిమధ్యకు, ఉదయించే సూర్యుడికి ఎదురుగా మార్పించుకున్నాడట. మంచానికి ముందు మన గుళ్లలో గర్భాలయం ముందుండే కటకటాల వంటి బంగారు పూత పిట్టగోడ ఉంది. పొద్దున్నే ఆయన లేవడం చూడటానికి హోదా ప్రకారం దొరలు లోపలికి వచ్చేవారు. రాత్రి దుస్తులు మార్చుకునేటప్పుడు కొవ్వొత్తి పట్టుకోవడం ఒక గౌరవం. రాజు లేనప్పుడు సైతం ఆ ఖాళీ మంచానికి వంగి నమస్కరించి పోవాలి. మన సుప్రభాత సేవ గుర్తుకు వచ్చి నవ్వు ఆపుకోలేకపోయాను.

ఆ పడకగది గోడకు అవతలివైపే ప్రసిద్ధమైన అద్దాల మందిరం: 73 మీటర్ల పొడవు, 357 అద్దాలు. పెద్ద అద్దాల తయారీ గుట్టు వెనిస్‌వారి చేతిలో ఉన్న కాలంలో, అక్కడి పనివారిని రహస్యంగా రప్పించి మరీ పారిస్‌లో కార్ఖానా పెట్టించారు. ఒకప్పుడు అక్కడ వెండి బల్లలు, వెండి దీపస్తంభాలు ఉండేవి. యుద్ధానికి డబ్బు చాలక 1689లో వాటిని కరిగించి నాణేలు పోయించారు. అద్దాలు మాత్రం మిగిలాయి, కరిగిస్తే డబ్బు రాదు కనుక.

అంత వైభవం మధ్య నాకు గుర్తుకు వచ్చినది, నవ్వకు, మా తాతగారి పందిరి మంచం. తలవైపు పలకలో పొదిగిన అద్దంలో మనమిద్దరం వెక్కిరింపులు అభ్యాసం చేసేవాళ్లం కదా. దాని పైన గోడకు వేలాడిన రంగులద్దిన ఫొటో కూడా నీకు గుర్తుండే ఉంటుంది. తాతగారు పంచె మీద స్టూడియోవారి కోటు తొడుక్కుని, వెనుక తెర మీద వేసిన మేడ ముందు బిగుసుకుని నిలబడ్డారు. కాళ్లకు నల్లని బూట్లు. ఆయన జన్మలో బూట్లు ఎరగరని, మడమల పగుళ్లు కనిపించకుండా ఫొటోగ్రాఫరు చేత కుంచెతో వేయించుకున్నారని నాయనమ్మ చాటుగా చెప్పి నవ్వేది.

ఆ ఫొటో ఇప్పుడు మీ వీధిలోనే, మా బాబాయిగారి ఇంట్లో ఉంది. వీలు చూసుకుని ఒకసారి వెళ్లి, ఆ బూట్లకు లేసులు కూడా గీశాడో లేదో చూసి రాయి.

నీ మిత్రుడు