సర్వే చేశారు సరే, ఫలితం ఏదీ?

సంపాదకులకు,

పది రోజుల కిందట మీ జిల్లా ఎడిషన్‌లో మా ఊరి ఫొటో వేశారు. కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో ఉన్నాను కాబట్టి అప్పుడు మా కోడలు చదివి వినిపించింది. నల్ల కళ్లద్దాలు తీశాక నిన్న నేనే మళ్లీ చూశాను, అందుకే ఈ ఆలస్యం. కాలవ గట్టు మీద ఇరవై మంది డిగ్రీ పిల్లలు, చేతుల్లో కొత్త చీపుళ్లు, వెనకాల పన్నెండడుగుల ఫ్లెక్సీ. చీపురు పిడులకు ప్లాస్టిక్ కవర్లు కూడా ఊడదీయలేదు. ఫ్లెక్సీ మీద మాత్రం 'ప్లాస్టిక్‌ను తరిమేద్దాం' అని రాసుంది. ఆ ఫ్లెక్సీని దేంతో చేస్తారో అక్కడ నిలబడ్డ పెద్దల్లో ఒక్కరికీ తట్టలేదు కాబోలు. ఇప్పుడది మా వీధి చివర పశువుల పాక మీద ఉంది. పోనీలెండి, వానొస్తే గేదెలైనా తడవకుండా ఉంటాయి.

పిల్లల్ని తప్పుపట్టాలని రాయడం లేదు. డిగ్రీ మొదటి సంవత్సరం కాగానే వేసవి సెలవుల్లో వీళ్లకు సామాజిక సేవా ప్రాజెక్టు పెట్టారు. 180 గంటలు చెయ్యాలి, డిగ్రీ లెక్కలో చేరే 4 క్రెడిట్లు వస్తాయి. ముందు ఊళ్లో సర్వే, తర్వాత జనానికి అవగాహన, ఆ మీదట తమ సబ్జెక్టుకు తగ్గ చిన్న ప్రాజెక్టు. ఉన్నత విద్యామండలి వాళ్లు కాగితం మీద బాగానే రాశారు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ మాట ఒప్పుకుంటాను.

కాగితం దాటాక ఏం జరుగుతోందో చెప్తాను. మూడేళ్లుగా ప్రతి వేసవిలో మా అరుగు మీద ఎవరో ఒకరు కూర్చుని అవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఇంట్లో ఎంతమంది, మరుగుదొడ్డి ఉందా, తాగేది ఏ నీళ్లు, చెత్త ఎక్కడ వేస్తారు. మూడుసార్లూ 'మురుగు కాలవ గట్టున' అనే చెప్పాం. నాలుగోసారి అడిగినా అదే చెప్తాం. మేం చెప్పింది ఎవరికి చేరింది, ఏం తేలింది అని ఇంతవరకు మాకు చెప్పిన పుణ్యాత్ముడు లేడు. ఈసారి వచ్చిన కుర్రాడు లాగ్‌బుక్ తెరిచి, 'తాతగారూ, ఇక్కడొకటి, ఇక్కడొకటి' అంటూ ఆరు వారాల సంతకాలు ఒక్క పూటలో పెట్టమన్నాడు. నేను పెట్టలేదు. మర్నాడు వాడికి ఊరి పెద్దల సంతకాలు స్టాంపుతో సహా దొరికాయట.

రిపోర్టుల సంగతి ఇంకా విడ్డూరం. టౌన్‌లో జిరాక్స్ షాపులో పాత రిపోర్టులుంటాయి, పేరూ ఊరూ మార్చి ప్రింటు తీసి బైండింగ్ చేసి ఇస్తారు. మా ఊరి మీద రాసిన ఒకదాన్ని నా కళ్లతో చూశాను. అందులో మా ఊరి గిరిజన తండాలో కొండవాగు ఎండిపోయిందని ఉంది. కృష్ణా డెల్టా శివారున, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఊరికి కొండ ఎక్కడిదండీ? దానికి మార్కులు వేసిన అయ్యవారు అట్ట దాటి లోపలికి వెళ్లలేదు.

మా రోజుల్లో అంతా సవ్యంగా జరిగిందని కోతలు కోయను. గాంధీ శతజయంతి ఏడాది, 1969లో కాలేజీ పిల్లల కోసం ఎన్ఎస్ఎస్, అంటే జాతీయ సేవా పథకం పెట్టారు. నేను డిగ్రీలో ఉండగా వారం రోజుల క్యాంపుకు వెళ్లి స్కూలు వరండాలో పడుకున్నాం. మేం నాటిన మొక్కల్లో మేకలు తిన్నవే ఎక్కువ. కాకపోతే ఏడు రాత్రులు ఆ ఊళ్లో ఉన్నాం కాబట్టి ఎవరి ఇంటి ముందు మురుగు నిలుస్తుందో తెలిసేది. ఇప్పుడు ఉన్నత్ భారత్ అభియాన్ అనే కేంద్ర పథకం కింద ఒక్కో కాలేజీ ఐదేసి గ్రామాలను 'దత్తత' తీసుకోవాలట. దత్తత తీసుకున్నవాళ్లు ఏడాదికోసారి బండి దిగి, ఫొటో దిగి వెళ్లిపోతే ఆ పిల్లాడికి అన్నం పెట్టేదెవరు?

చేయడానికి పని లేదా అంటే బోలెడుంది. ఊరి బయట ఉపాధి హామీ డబ్బుతో కట్టిన 'చెత్త నుంచి సంపద' షెడ్డు ఉంది, చెత్తను వానపాములతో ఎరువు చేయడానికి. తాళం తుప్పుపట్టింది, తొట్లలో వానపాములు ఏనాడో చచ్చాయి. ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర పేరుతో శుభ్రత కార్యక్రమం అంటూ అధికారులు వస్తారు, ఆ షెడ్డు ముందు నుంచే కారు పోతుంది, ఆగదు. జువాలజీ, బోటనీ చదివే ఇరవై మంది పిల్లలు 180 గంటలు అక్కడ గడిపితే ఊరికి ఎరువు దొరకదా? వాళ్లకైనా వానపాము ఏం చేస్తుందో పుస్తకంలో కాకుండా తెలిసేది. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే పాత పంచాయతీ సెక్రటరీ పేరు చెప్పారు. ఆయన బదిలీ అయి ఎంతకాలమైందో!

ఒక్క పిల్ల గురించి చెప్పకపోతే పాపం. కిందటేడు కెమిస్ట్రీ చదివే అమ్మాయి మా బోరు నీళ్లు, రెండు బావుల నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లింది. ఇక రాదనుకున్నాను. నెల తర్వాత బస్సు దిగి వచ్చి, ఏ నీళ్లలో ఉప్పు ఎంతుందో తెల్లకాగితం మీద చక్కని చేతిరాతతో రాసి పంచాయతీ బోర్డుకు అంటించింది. 'తాతగారూ, రెండో బావి నీళ్లు తాగకండి' అని ఇంటికొచ్చి మరీ చెప్పింది. వారం తిరక్కుండా ఆ కాగితం మీద చేపల చెరువు వేలం నోటీసు అంటించారు. ఆ అమ్మాయికీ, ఆరు వారాల సంతకాల కుర్రాడికీ వచ్చేవి అవే 4 క్రెడిట్లు.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. క్రెడిట్లు ఇచ్చే ముందు ఆ సర్వేను ఆగస్టు 15 గ్రామసభలో పిల్లల చేతే చదివించండి. తప్పులుంటే ఊరివాళ్లే దిద్దుతారు, తండా సంగతి కూడా అక్కడే తేలుతుంది. ఒక కాపీ పంచాయతీలో ఉంచితే వచ్చే ఏడు పిల్లలు మళ్లీ 'మరుగుదొడ్డి ఉందా' దగ్గర మొదలెట్టక్కర్లేదు.

అన్నట్టు, ఆ రోజు ఫొటో అయ్యాక అందరికీ టీలు ఇచ్చారు. ఆ కప్పులు ఇంకా తూము దగ్గరే ఉన్నాయి. కాలవ కట్టేసిన రోజులు కాబట్టి కదల్లేదు. నీళ్లు వదిలితే నేరుగా చేలల్లోకి పోతాయి. ఆలోపు మీ విలేకరి ఇటు వస్తే ఇంకో ఫొటో తీసుకోవచ్చు.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
బాపట్ల జిల్లా