మెస్కాల్‌లో పురుగు ఉండాలని లేదండీ

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో మెక్సికో మద్యం మీద వచ్చిన వ్యాసం చదివాను. మెస్కాల్ అంటే ‘నాగజెముడు నుంచి తీసే, సీసాలో పురుగు తేలే ఒకరకం టెకీలా’ అని రాశారు. ముప్పై ఏళ్లు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినదాన్ని, ఒక్క వాక్యంలో మూడు తప్పులు కనిపిస్తే ఊరుకోబుద్ధి కాలేదు.

మెస్కాల్ తీసేది కిత్తలి (ఇంగ్లిషులో అగేవ్) నుంచి. ముళ్లున్నంత మాత్రాన నాగజెముడు కాదు, అది శతావరి కుటుంబం మొక్క. ఇక టెకీలా అంటారా, అందులో వాడే కిత్తలి ఒక్కటే, నీలి కిత్తలి. పైగా పులియబెట్టే చక్కెరలో 51 శాతం దాని నుంచి వస్తే చాలని చట్టం. మెస్కాల్‌కు ఆ వెసులుబాటు లేదు, మొత్తం కిత్తలే కావాలి, రకాలు మాత్రం డజన్లకొద్దీ ఉన్నాయి. పురుగు సంగతి పోయిన శతాబ్దం మధ్యలో సీసాల వ్యాపారులు అమ్మకాల కోసం మొదలెట్టిన తమాషా. అయితే ఆ పురుగునే ఎండబెట్టి ఉప్పు, మిరపకాయలతో నూరి నారింజ ముక్క మీద చల్లిపెడతారు. బాగుంటుంది. తిన్నాక గానీ మా అమ్మాయి అసలు విషయం చెప్పలేదు.

తను మెక్సికో సిటీలో ఉద్యోగం చేస్తోంది. కిందటేడు ఇద్దరం మెక్సికో దక్షిణాన ఉన్న వహాకా వెళ్లాం. (మీరు ‘ఓక్సాకా’ అని అచ్చువేశారు. అక్కడ అలా పలికితే ఎవరికీ అర్థం కాదు.) మొదటిరోజు కారు డ్రైవరు హైవే పక్కన ఒక పెద్ద దుకాణం దగ్గర దింపాడు. చిన్న ప్లాస్టిక్ గ్లాసుల్లో మెస్కాల్, కాఫీ కలిపింది, మామిడి కలిపింది, పది రకాలు పది నిమిషాల్లో, అన్నీ ఒక్క గుక్కలో తాగాలట. ఏ మొక్కది, ఎవరు కాచారు అనడిగితే అక్కడి అమ్మాయి నవ్వి ఇంకో గ్లాసు పోసింది. నాకు మిగిలింది తలనొప్పి.

మర్నాడు దక్షిణాన సాంతా కతరీనా మీనాస్ అనే ఊరికి వెళ్లాం. అక్కడ మెస్కాల్ బట్టీని పలేంకే అంటారు. రేకుల షెడ్డు, ఒక కుక్క, నేలలో పెద్ద గొయ్యి. ఆకులు చెక్కేసిన కిత్తలి అనాసకాయలా ఉంటుంది, పేరు కూడా అదే, పీన్యా. చాలామంది గడ్డ అనుకుంటారు గానీ అది కాండమే. గోతిలో రాళ్లను ఎర్రగా కాల్చి, వాటి మీద పీన్యాలు పేర్చి, పిప్పి, చాపలు, మట్టి కప్పి నాలుగైదు రోజులు వదిలేస్తారు. పొగ వాసన వచ్చేది అందుకే. ఉడికిన ముక్క ఒకటి నమిలాను, కాల్చిన చిలగడదుంపలా తియ్యగా ఉంది, పీచు మాత్రం నోట్లో మిగిలిపోయింది. దాన్ని దుడ్డుకర్రలతో దంచి చెక్క తొట్లలో వేస్తే గాల్లో ఉన్న ఈస్టే పులియబెడుతుంది.

నేను గంటసేపు నిలబడి చూసింది కుండల దగ్గర. కింది కుండలో పులిసిన పిప్పి మరుగుతోంది, దాని మీద ఇంకో కుండ, పైన చల్లనీళ్లు పోసిన రాగి గిన్నె. ఆవిరి ఆ గిన్నె అడుగుకు తగిలి చుక్కలుగా చెక్క గరిటెలో పడి, రెల్లు గొట్టం గుండా బయటికొస్తుంది. అలా రెండుసార్లు కాచాలి. పెద్దాయన ఒక గొట్టంతో సారా పీల్చి బుర్రచిప్పలోకి ధారగా వదిలాడు. నురగ బుడగలు లేచాయి. వాటిని ముత్యాలు అంటారు. సారా మరీ ఘాటైనా, మరీ పలచనైనా అవి నిలవవట. కాసేపు కళ్లార్పకుండా చూసి తలూపాడు, అంతే, మీటరూ లేదు ఏమీ లేదు.

నాకు తాగే అలవాటు లేదు. అక్కడ గుక్కలో కాకుండా పెదాలు తడిసేంతే తీసుకున్నాను, వాళ్లూ అలాగే చప్పరిస్తూ తాగుతారు. మొదట మంట, పొగ. రెండోసారికి కొత్త కుండలో నీళ్ల వాసన తెలిసింది. తొబలా అనే అడవి రకం అది, పక్వానికి పదేళ్లు దాటుతుందట. తెపెస్తాతే అనే ఇంకో రకానికి ఇరవై ఏళ్లు పైనే. పొలాల్లో పెంచే ఎస్పదీన్‌కే ఆరేడేళ్లు పడుతుంది. చక్కెర పోకూడదని పూలకాడ వేసే ముందే నరికేస్తారు. పువ్వు లేకపోతే గింజ లేదు, తేనె కోసం వచ్చే గబ్బిలాలకు తిండీ లేదు. అందుకని ఆ పెద్దాయన గట్టు మీద కొన్నిటిని నరక్కుండా వదిలాడు. ఒకదాని కాడ మా ఇద్దరి ఎత్తు కలిపినా అందనంత పొడుగుంది.

అక్కడికి వెళ్లే పాఠకుల కోసం ఒక మాట. సీసా మీద మొక్క పేరు, ఎలా కాచారన్నది చూడండి. 2017 నిబంధనల ప్రకారం మట్టికుండల్లో కాచినదానికి ‘అన్సెస్త్రాల్’ అని, రాగి బట్టీలో కాచినదానికి ‘అర్తెసనాల్’ అని ఉంటుంది. ‘మెస్కాల్’ అన్న మాటే లేకపోయినా నకిలీ అనుకోవద్దు. ఆ పేరుకు 1994 నుంచి చట్టరక్షణ ఉంది, సర్టిఫికెట్ ఖర్చు భరించలేని చిన్నవాళ్లు ‘కిత్తలి సారా’ అని రాసుకుంటారు. నేను కొన్న అరలీటరు సీసాకు లేబులే లేదు, పెన్నుతో రాసిన కాగితం ముక్క ఉంది, అంతే.

చివరిగా, మీ వ్యాసంతో వేసిన ఫొటోలో ఉన్నది నీలి కిత్తలి తోట, టెకీలాది. మీనాస్‌లో తీసిన ఫొటోలు నా ఫోన్లో ఉన్నాయి, కావాలంటే పంపుతాను.

– ఒక రిటైర్డ్ వృక్షశాస్త్ర అధ్యాపకురాలు