వార్షిక నివేదిక 2024–25: ఉన్నత పాఠశాల విద్యార్థుల తప్పనిసరి సమాజ సేవ

గౌరవ సభ్యులకు నమస్కారం.

మన కాలనీ సంక్షేమ సంఘం 2024–25 సంవత్సరపు కార్యకలాపాల నివేదికను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాము. వీధి దీపాల మరమ్మతు, మురుగు కాలువల పూడికతీత, బతుకమ్మ ఏర్పాట్లు ఎప్పటిలాగే జరిగాయి. వాటి వివరాలు జమాఖర్చుల పట్టికలో ఉన్నందున ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది కార్యవర్గానికి ఎక్కువ పని పెట్టినదీ, సభ్యుల మధ్య ఎక్కువ వాదన రేపినదీ ఒకే అంశం. మన కాలనీని ఆనుకుని ఉన్న ఉన్నత పాఠశాల తొమ్మిదో తరగతి విద్యార్థులకు ఏడాదికి 20 గంటల సమాజ సేవను తప్పనిసరి చేసి, ఆ పనులు చూపించి పర్యవేక్షించే బాధ్యతను మన సంఘాన్ని తీసుకోమని కోరింది. పబ్లిక్ పరీక్షల దృష్ట్యా పదో తరగతి వారికి మినహాయింపు ఇచ్చారు.

తల్లిదండ్రుల సమావేశంలోనే అభ్యంతరం వచ్చింది. ఫీజులు కట్టి చదివించుకుంటున్న పిల్లలతో వెట్టి చేయిస్తారా అని ఒక పెద్దాయన నిలదీశారు. దొరల గడీల ముందు తమ తాతలు చేసిన చాకిరి ఇంకా ఇంటింటా కథలుగా చెప్పుకునే నల్లగొండ జిల్లాలో ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయలేము. రాజ్యాంగం 23వ అధికరణం మొదటి క్లాజు వెట్టిని నిషేధిస్తుంది. రెండో క్లాజు ప్రజా ప్రయోజనాల కోసం తప్పనిసరి సేవను విధించే వీలు ప్రభుత్వానికి ఇస్తూనే, అందులో మతం, జాతి, కులం, వర్గం అనే కారణాలతో వివక్ష చూపరాదని షరతు పెడుతుంది. ఆ వీలు ప్రభుత్వానిదే కాబట్టి దాన్ని బడికో, మన సంఘానికో అన్వయించుకోలేము. షరతును మాత్రం మన కొలబద్దగా తీసుకోవచ్చునని కార్యవర్గం భావించింది.

బడి పిల్లలకు సమాజ సేవను తప్పనిసరి చేసే నిబంధన ఇతర చోట్ల కొత్తదేమీ కాదు. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం 1992లో 75 గంటల సేవను హైస్కూలు చదువు పూర్తికి షరతుగా నిర్ణయించింది. కెనడాలోని ఒంటారియో 1999 నుంచి 40 గంటలు అడుగుతున్నది. పెన్సిల్వేనియాలోని బెత్లహేమ్‌లో 60 గంటల నిబంధన బలవంతపు చాకిరి కిందికి వస్తుందని తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లగా, 1993లో అప్పీలు న్యాయస్థానం ఆ వాదనను అంగీకరించలేదు. మన దేశంలో గాంధీజీ శతజయంతి సంవత్సరం 1969లో మొదలైన జాతీయ సేవా పథకం రెండేళ్లలో 240 గంటల పని అడుగుతుంది. అయితే అందులో చేరడం విద్యార్థి ఇష్టం. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ బడి చదువులో సమాజానికి పనికివచ్చే ఉత్పాదక శ్రమ ఉండాలని సిఫారసు చేసింది. (మనలో చాలామందికి ఆ సిఫారసుతో బడుల్లో వచ్చిన పీరియడ్ అంటే హెడ్‌మాస్టరు గది ముందు చెట్లకు నీళ్లు పోసిన జ్ఞాపకమే మిగిలింది.)

పనులన్నింటిలో బాగా జరిగినది బోరు నీటి పరీక్ష. మోతాదు మించితే పళ్లకూ, ఎముకలకూ చేటు చేసే ఫ్లోరైడ్‌ను పటిక, సున్నం కలిపి నీటిలో తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) రూపొందించింది. ప్రపంచమంతా దాన్ని మన జిల్లా పేరుతోనే ‘నల్లగొండ పద్ధతి’ అని పిలుస్తుంది. అయినా ఇంటి వెనుక బోరులో ఏముందో మనలో ఎంతమంది చూసుకున్నారో సభ్యులకే తెలుసు. సైన్సు ఉపాధ్యాయుని పర్యవేక్షణలో పిల్లలు ఇద్దరిద్దరుగా ఇల్లిల్లూ తిరిగి సీసాల్లో నీళ్లు పట్టి, ఇంటి నంబరు చీటీ అంటించి, బడి వరండాలో కిట్‌తో పరీక్షించారు. మందు చుక్కలు పడగానే ఫ్లోరైడ్ తక్కువ ఉన్న నీరు గులాబీ రంగులో నిలుస్తుంది, పెరిగే కొద్దీ పసుపుకు తిరుగుతుంది. ఆ రంగును కిట్‌లోని రంగుల కార్డు పక్కన పెట్టి చూడాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీరు తాగడానికి తగదు. పసుపు వైపు తిరిగిన నమూనాలను మళ్లీ పట్టి ప్రయోగశాలకు పంపాము. ఫలితం వచ్చేదాకా ఆ బోర్లపై ‘తాగరాదు’ అని రాయించాము. ఒక ఇంట్లో ముసలమ్మ ‘కాగబెట్టుకొనే తాగుతున్నం గద బిడ్డా’ అంటే, కాచితే ఫ్లోరైడ్ పోదనీ, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుందనీ, తాగడానికి నల్లా నీళ్లే పట్టుకొమ్మనీ ఒక అమ్మాయి నిదానంగా నచ్చజెప్పింది. ఆ మాట మనం కరపత్రం వేసి చెప్పినా అంతగా చెవికెక్కేది కాదు.

విశ్రాంత ఉద్యోగుల జీవన ధ్రువీకరణ పత్రాలను ఫోన్‌లో సమర్పించడంలోనూ, బ్యాంకు ఫారాలు నింపడంలోనూ పిల్లలు సాయపడ్డారు. ఓటీపీలు, పిన్ నంబర్లు పెద్దలే కొట్టాలని ముందే నియమం పెట్టుకున్నాము. గ్రంథాలయ పుస్తకాల సర్దుబాటు అనుకున్నంతగా సాగలేదు.

బతుకమ్మ మరునాడు మైదానం ఊడ్చే పని పిల్లలకు అప్పగిద్దామన్న ప్రతిపాదనను కార్యవర్గం తిరస్కరించింది. అది పురపాలక కార్మికుల జీతపు పని. దాన్ని పిల్లలతో ఊరికే చేయించుకుంటే మొదట చెప్పిన పెద్దాయన మాటే నిజమవుతుంది. చీపురు ఆడపిల్లల చేతికీ, మైకు మగపిల్లల చేతికీ పోతున్నదని టీచరమ్మ ఒకరు గమనించి చెప్పిన తరువాత పనులను చీటీలు వేసి పంచుతున్నారు.

అన్నిటికన్నా చిక్కైన ప్రశ్న చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే పిల్లలది. పత్తి ఏరే రోజుల్లో బడి వదలగానే చేనుకు పోయే పిల్లవాడిని సాయంత్రం ఇంకో రెండు గంటలు సేవ చేయమనడం, ట్యూషన్‌కు పోయే పిల్లవాడికి అదే నియమం పెట్టడం కాగితం మీద సమానమే గాని ఇద్దరి మీదా పడే బరువు ఒకటి కాదు. అందువల్ల దసరా తరువాత సేవా గంటలన్నీ శనివారం బడి వేళల్లోకే మార్పించాము. దీనికి పాఠశాల మొదట ఒప్పుకోలేదు, సిలబస్ వెనకబడుతుందన్నది వారి వాదన. ఆ వాదనలో కొంత నిజం ఉంది, అయినా మన పట్టు మనం విడువలేదు. కొందరు తల్లిదండ్రులు తమ పిల్లలు రాకపోయినా గంటలు వేసి సంతకం పెట్టమని అడిగారు. వారిలో మన సభ్యులూ ఉన్నారు. ఎవరికీ పెట్టలేదు, ఇకముందూ పెట్టబోము.

వచ్చే ఏడాదికి కార్యవర్గం మూడు తీర్మానాలను సభ ఆమోదానికి పెడుతున్నది: ఏ పని చేయాలో జాబితాలోంచి విద్యార్థే ఎంచుకోవాలి, జీతపు కార్మికులు చేసే ఏ పనీ ఆ జాబితాలో ఉండరాదు, బోర్ల పరీక్ష ఏటా వానలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి జరగాలి. కిట్లు, చేతి తొడుగుల ఖర్చును సాధారణ నిధి నుంచే భరించవచ్చు. శనివారాలు పర్యవేక్షణకు రాగలిగిన సభ్యులు తమ పేర్లను సభ ముగిసేలోగా కార్యదర్శి దగ్గర రాయించవలసిందిగా కోరుతున్నాము. పెద్దలు తోడు లేని జట్టును ఇండ్లకు పంపడానికి పాఠశాల ఒప్పుకోదు.

ఇట్లు,
కార్యవర్గం తరఫున కార్యదర్శి,
నల్లగొండ