పిల్లి కింద పడకుండా, విషం బారిన పడకుండా

సంపాదకులకు,

అపార్టుమెంట్ల బాల్కనీలకు పావురాలు రాకుండా కట్టే నైలాన్ వల పిల్లిని ఆపదు. కొరికి చిల్లు పెడుతుంది, లేదా ఎండకు పెళుసెక్కిన హుక్కు దగ్గర వల మూల ఊడి పిల్లి కిందపడుతుంది. అంగుళం మించని కన్నాలున్న స్టీలు జాలీని స్క్రూలతో బిగించాలి. కిటికీ దోమతెరనూ నమ్మొద్దు.

అంతకంటే భయం విషంతోనే. మందు తిన్న ఎలుకను తిన్నా పిల్లికి ప్రమాదమే. జ్వరమనుకుని పారాసెటమాల్ అసలు వేయకండి. 500 మి.గ్రా. మాత్ర ఒక్కటే ప్రాణం తీయగలదు, దాన్ని అరాయించుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు. చిగుళ్లు గోధుమరంగుకు తిరిగి రొప్పుతుంటే వెంటనే పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి. ఎలుకల జిగురు అట్టకు అంటుకున్న పిల్లికూనను లాగొద్దు, పాపం, చర్మం ఊడొస్తుంది. వంటనూనె రాసి కాసేపు ఆగితే జిగురు వదులుతుంది.

కావాలని విషం పెట్టేవాళ్లూ ఉన్నారు. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అందుకు ఐదేళ్ల దాకా జైలు. చనిపోయిన పిల్లిని వెంటనే పూడ్చేస్తే సాక్ష్యం పోతుంది. కవరులో చుట్టి, గడ్డకట్టనీయకుండా ఐసు మధ్య ఉంచి, ప్రభుత్వ పశువైద్యశాలలో పోస్టుమార్టం అడగండి. అది తినగా మిగిలిన తిండిని విడిగా దాచి పోలీసులకు అప్పగించండి.

– పిల్లులు పెంచుకునేవాళ్లం, సికింద్రాబాద్