మూడు వంతెనలు, ఒకే దుకాణం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మొన్న శనివారం జరిగిన వంతెనల పోటీలో మొదటి బహుమతి ఎందుకు ఇవ్వలేదని మీరంతా అడుగుతున్నారు. కొందరు గేటు దగ్గర నన్నే అడిగారు, ఎక్కువమంది వాట్సాప్ గ్రూపుల్లో అడుగుతున్నారు. ఆ గ్రూపుల్లో నేను లేను. అయినా అక్కడ రాత్రి రాసింది మర్నాడు మొదటి గంట కొట్టేలోపు నా చెవిన పడుతుంది. అందుకని జరిగింది జరిగినట్టు నేనే చెబుతాను.

ముందు తొందరగా నాలుగు మాటలు. అర్ధ సంవత్సర పరీక్షల పట్టిక పిల్లల డైరీల్లో అంటించాం. రెండో విడత ఫీజుకు గడువు ఈ నెలాఖరు. గొడుగుల మీద పేర్లు రాయండి, ఆఫీసులో ఇప్పటికే పదకొండు నల్ల గొడుగులు పోగుపడ్డాయి. వాన సెలవు ప్రకటించేది కలెక్టరు గారు, నేను కాదు. తెల్లవారుజామున అయిదింటికి నాకు ఫోను చేసి లాభం లేదు.

ఇక పోటీ సంగతి. ఐస్‌క్రీం పుల్లలు, జిగురు తప్ప ఇంకేమీ వాడకూడదన్నాం. అరమీటరు ఎడంగా వేసిన రెండు బల్లల మీద వంతెన నిలబెట్టి, మధ్యలో బకెట్టు వేలాడదీసి, స్టీలు గ్లాసుతో ఇసుక పోస్తూ పోవాలి. మొత్తం ఇరవై రెండు వంతెనలు వచ్చాయి. వాటిలో మూడింటిని పక్కపక్కన పెట్టేసరికి హాలంతా చడీచప్పుడు లేకుండా అయిపోయింది. అదే ఎర్ర రంగు, అదే కమాను, ఎడమ కొసన అదే చోట అదే వంకర పుల్ల. తెచ్చినవాళ్లు మాత్రం మూడు వేర్వేరు తరగతుల పిల్లలు. మా ఫిజిక్సు మాస్టారు వాళ్లలో ఒక అబ్బాయిని, "ఈ పుల్ల ఏటవాలుగా ఎందుకు పెట్టావు బాబూ?" అని అడిగారు. వాడు పుల్లకేసి చూడలేదు, కిటికీ అవతల నిలబడ్డ నాన్నకేసి చూశాడు. నాకు ఆ పిల్లవాడి మీద కోపం రాలేదు.

ఇలాంటివి డబ్బు పుచ్చుకుని చేసిపెట్టే దుకాణాలు ఊళ్లో ఉన్నాయని నాకు తెలుసు. కనీసం ఒక్కొక్కరికి ఒక్కో రంగు వేసి ఇవ్వమని అడిగినా సరిపోయేది. మా కామర్సు టీచరు మెల్లగా, "ఇది పోటీ కాదు మేడం, గుత్తాధిపత్యం. కొన్నది ముగ్గురు, అమ్మింది ఒక్కడు" అన్నారు. నవ్వాపుకోలేకపోయాను.

ఆవిడ మాటలో పరిహాసం ఎంతుందో పాఠమూ అంతే ఉంది. పోటీకి ముందు వారమంతా పిల్లల చేత మేం ఒక పని చేయించాం. మెట్ల పక్క గోడకు రెండు పెద్ద కాగితాలు అంటించి ఒకదాని మీద 'వంతెన', రెండోదాని మీద 'పోటీ' అని రాశాం. ఏ పాఠంలో ఆ మాటకు ఏ అర్థమో కనుక్కొచ్చి రాయడం పిల్లల వంతు. మీలో ఎంతమంది ఆ గోడ చూశారో నాకు తెలియదు. బహుమతి బల్ల దగ్గర మాత్రం కాలు పెట్టే చోటు లేదు.

నిజం చెప్పాలంటే ఈ బడిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన గోడ అదే. పిల్లలు లెక్కల్లోనో జీవశాస్త్రంలోనో తడబడేది చాలాసార్లు తెలివి చాలక కాదు, తెలిసిన మాట తెలియని అర్థంలో ఎదురుపడటం వల్ల. 'సంపూర్ణ పోటీ' అనగానే పదకొండో తరగతి పిల్లవాడు భీకరమైన కుస్తీ ఊహించుకుంటాడు. అర్థశాస్త్రంలో అది దాదాపు తలకిందులు. ఒకే సరుకు అమ్మేవాళ్లు లెక్కలేనంత మంది ఉండి, ఏ ఒక్కరూ ధరను కదపలేని స్థితి అది. మన కోయంబేడు కూరగాయల బజారులో వంద టమాటా కుప్పల మధ్య కూర్చున్న ఆమెను చూస్తే కొంత అర్థమవుతుంది, ఆమెకు ఫలానావాడు నా ప్రత్యర్థి అని చూపించడానికి ఎవరూ ఉండరు. మన దేశంలో 2002 నాటి పోటీ చట్టం ప్రకారం అమ్మకందారులు కూడబలుక్కుని ధర నిర్ణయిస్తే జరిమానా, అంటే అక్కడ పోటీ పడకపోవడమే తప్పు. జీవశాస్త్రంలో ప్రత్యర్థులు చాలాసార్లు ఒకరినొకరు చూసుకోనైనా చూసుకోరు. గౌస్ అనే రష్యన్ శాస్త్రవేత్త 1934లో ప్రచురించిన ప్రయోగాల్లో రెండు జాతుల పారమీసియంలను (ఒకే కణం ఉన్న నీటి జీవులను) ఒకే గొట్టంలో, ఒకే తిండి మీద పెంచితే ఒక జాతి అంతరించింది. ఆ ఓడిన జాతికి అడుగున చేరి తినే మూడో జాతిని జత చేసినప్పుడు మాత్రం రెండూ బతికాయి. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె దాని కింద పెన్సిలుతో "మా అక్కా నేనూ" అని రాసింది. చెరపనివ్వలేదు నేను.

వంతెన కాగితం ఇంకా బాగా నిండింది. ఆరో తరగతి బుడతడు ఒకడు ప్రతి టీచరునూ ఒకే ప్రశ్న వేశాడు: "దాని మీద ఎవరు దాటుతారు?" మన ఊరి నేపియర్ వంతెన మీద బస్సులు దాటుతాయి, సరే. సంగీతం టీచరు వీణ చూపించి, తంతులు ఆనే చిన్న పీట కూడా బ్రిడ్జే, తమిళంలో దాన్ని 'కుదిరై', గుర్రం అంటారు, దాని మీదుగా తంతి అదురు వీణ కుండలోకి దాటుతుంది అన్నారు. లెక్కల మాస్టారు కోనిగ్స్‌బర్గ్ ఊరి ఏడు వంతెనల కథ చెప్పారు. ఒక్కో వంతెనను ఒక్కసారే దాటుతూ అన్నిటినీ చుట్టిరావడం కుదరదని ఆయిలర్ అనే గణితవేత్త 1736లో తేల్చాడు, నడిచి చూసి కాదు, ఒక్కో నేల ముక్కకు ఎన్ని వంతెనలో లెక్కపెట్టి. ఆ లెక్కలోంచే పుట్టిన గ్రాఫు గణితంలో, అంటే చుక్కలూ వాటిని కలిపే గీతల గణితంలో, ఇప్పుడు తీసేస్తే బొమ్మ రెండు ముక్కలైపోయే గీతనే వంతెన అంటారు. ఫిజిక్సు ల్యాబులో విద్యుత్ నిరోధాన్ని కొలిచే వీట్‌స్టన్ బ్రిడ్జి దగ్గర వాడికి దొరికిన జవాబు, "ఎవరూ దాటకూడదు". అడ్డంగా ఉన్న గాల్వనామీటరు అనే కొలత పరికరంలో విద్యుత్తు సున్నా అయినప్పుడే అక్కడ లెక్క కుదురుతుంది. తెలుగు టీచరు ఊరుకుంటారా? వారిధి అంటే సముద్రం, 'ర' మీది గుడి తీసేస్తే వారధి, సముద్రం మీద వంతెన అని బోర్డు మీద రాసి చూపించారు. బ్రౌను దొర తన తెలుగు నిఘంటువును 1852లో అచ్చు వేయించింది ఈ చెన్నపట్నంలోనే. ఆ ఊళ్లో ఉంటూ ప్రతి ఇంట్లో ఒక అచ్చు నిఘంటువు ఉంచుకోమని ఏడేళ్లుగా అడుగుతున్నాను. ఫోనులో దొరుకుతుంది కదా అంటారు. ఫోనులో అడిగిన మాట ఒక్కటే వస్తుంది, దాని పక్కింటి మాటలు కంటపడవు.

ఆ వీట్‌స్టన్ గురించే ఇంకో సంగతి. ఆ అమరికను 1833లో మొదట వివరించినవాడు శామ్యూల్ హంటర్ క్రిస్టీ. పదేళ్ల తరువాత వీట్‌స్టన్ దాన్ని వాడుకలోకి తెస్తూ, ఇది క్రిస్టీది అని తానే రాశాడు. లోకం మాత్రం క్రిస్టీది కాక రెండోవాడి పేరే పెట్టుకుంది, అది వేరే విషయం. తాను చేయనిది తాను చేయలేదని చెప్పడం అంత కష్టమేమీ కాదు, ఆ ముగ్గురు పిల్లలూ సోమవారం నా గదిలోకి వచ్చి చెప్పారు. వాళ్ల ఇళ్లనుంచి ఇంకా ఎవరూ రాలేదు.

ఇప్పుడు ఎనిమిదో తరగతి అమ్మాయిలిద్దరి గురించి. పేర్లు రాయను, రాయకపోయినా మీకు తెలుసు. ఒకమ్మాయి నిరుడు నెల్లూరు నుంచి వచ్చి మా వారధి తరగతిలో, అంటే బ్రిడ్జి కోర్సులో, మూడు నెలలు ఇంగ్లీషుతో కుస్తీ పట్టిన పిల్ల. వాళ్ల వంతెనకు రంగు లేదు, అక్కడక్కడ జిగురు బొట్లు కట్టి ఉంది. మొదట అన్నీ చతురస్రాలే పెట్టారట. ఇంట్లో బియ్యం సంచి వేలాడదీస్తే పక్కకు ఒరిగిపోయింది. విప్పి త్రిభుజాలు పెట్టారు, ఎవరూ చెప్పకుండానే. పద్నాలుగు కిలోల దగ్గర వంతెన కిర్రుమంది. ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని చెవులు దగ్గర పెట్టి విన్నారు. పదిహేడు దాటగానే విరిగింది. పిల్లలంతా కేకలు వేస్తుంటే వీళ్లు మాత్రం ఇసుకలో ముక్కలు ఏరుతున్నారు. ఆ సాయంత్రం వాళ్ల నోటుబుక్కులో చూశాను: "పుల్ల విరగలేదు. జిగురు ఊడింది." ముప్పై ఏళ్ల నా ఉద్యోగంలో ఇంత మంచి ప్రయోగ ఫలితం ఎక్కువసార్లు చదవలేదు.

మరి బహుమతి వాళ్లకే ఇవ్వవచ్చు కదా అంటారు. మేమూ అదే అనుకున్నాం. అయితే మిగిలిన పద్దెనిమిదింటిలో ఏది పిల్లల చేతిది, ఏది పెద్దల చేతిదో తేల్చలేకపోయాం. ఆ నెల్లూరు అమ్మాయే, "మళ్లీ పెట్టండి మేడం, ఈసారి జిగురు పూర్తిగా ఆరనిస్తాం" అంది. అందుకే పెడుతున్నాం.

మీ ప్రేమను నేను తప్పుపట్టడం లేదు. పిల్లల చేతిరాతలో మీ చేతిరాత, పిల్లల ప్రాజెక్టులో మీ ఆఫీసు ప్రింటరు, పన్నెండున్నరకు గేటు దగ్గర వేడివేడి భోజనం పొట్లం, ఇవన్నీ ప్రేమేనని తెలుసు. ఆ ప్రేమను సాయంత్రం నాలుగు దాకా ఇంట్లోనే ఉంచుకోవలసిందిగా మనవి.

పోటీ వచ్చే శనివారం ఉదయం తొమ్మిదింటికి. పుల్లలు, జిగురు బడే ఇస్తుంది. కట్టడం, ఆరబెట్టడం, విరగ్గొట్టడం అన్నీ సాయంత్రంలోపు ఇక్కడే. తల్లిదండ్రులకు మధ్యాహ్నం మూడు తరువాతే ప్రవేశం, కిటికీల దగ్గర కూడా.

ఆ మూడు ఎర్ర వంతెనలు ఆఫీసు బీరువా మీద ఉన్నాయి. వాటిలో మీది ఏదో గుర్తుపట్టగలిగినవారు వచ్చి తీసుకెళ్లవచ్చు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు
చెన్నై