రసాయన శాస్త్రాన్ని ప్రయోగశాల నుంచి మొదలుపెట్టనివ్వండి: ఇంటర్మీడియట్ విద్యా మండలి కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ఇంటర్మీడియట్ విద్యా మండలి కార్యదర్శి గారికి,

నమస్కారములతో వ్రాయునది.

ఇంటర్మీడియట్ రసాయన శాస్త్రం సిలబస్‌ను సవరించాలన్న ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ చర్చంతా ఏ అధ్యాయం తీసేయాలి, ఏ అధ్యాయం చేర్చాలి అన్న దగ్గరే తిరుగుతోంది. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఎంపీసీ, బైపీసీ విద్యార్థులకు ఈ సబ్జెక్టు చెబుతున్న అధ్యాపకుడిగా నా విన్నపం దానికి కొంచెం భిన్నమైనది. ఏ పాఠం ఏ పాఠం తర్వాత రావాలి, ఏ ప్రయోగంతో ముడిపడి రావాలి, ఆ ప్రయోగానికి ఏ నెలలో సమయం దొరుకుతుంది అన్నవి ముందు తేల్చి, రెండేళ్ల కోర్సును ప్రయోగశాల చుట్టూ అల్లమని కోరుతున్నాను. అధ్యాయాలు నాలుగు తగ్గినా నాలుగు పెరిగినా ఈ పని జరగనంత కాలం మన పిల్లలు రసాయన శాస్త్రాన్ని చదువుతారు గాని చేయరు.

ఇన్నేళ్లుగా నడుస్తున్న పద్ధతి మీకు తెలియనిది కాదు. మొదటి సంవత్సరం 60 మార్కుల రాత పరీక్ష, రెండో సంవత్సరం మరో 60 మార్కుల రాత పరీక్ష, రెండో ఏడాది చివర 30 మార్కుల ప్రాక్టికల్స్. మార్కులు ఎక్కడ ఉంటే చదువు అక్కడికే చేరుతుంది కాబట్టి మొదటి సంవత్సరం విద్యార్థి ప్రయోగశాల గుమ్మం తొక్కకుండానే సంవత్సరం ముగించడం చాలా చోట్ల మామూలైపోయింది. రెండో సంవత్సరంలోనైనా సిలబస్ పూర్తయ్యాక, ప్రాక్టికల్ పరీక్షలు తరుముకొస్తున్నప్పుడు, జనవరిలో ప్రయోగాలన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. రికార్డు పుస్తకం మాత్రం చక్కగా నిండుతుంది. ఒకరి రికార్డు చూసి మరొకరు రాసిన బ్యూరెట్ (ద్రావణాన్ని కొలుస్తూ చుక్కలుగా వదిలే గాజు గొట్టం) రీడింగులు తరగతి మొత్తానికి దశాంశాలతో సహా ఒకటే ఉండటం ఏ అధ్యాపకుడికీ కొత్త కాదు. ఆ పిల్లలను నేను తప్పుపట్టను. వారికి మనం ఇచ్చిన సమయంలో అంతకన్నా ఏమీ చేయలేరు.

పాఠానికీ ప్రయోగానికీ మధ్య ఈ ఎడబాటు వల్ల ఏం పోతోందో చెప్పడానికి సాల్ట్ అనాలిసిస్, అంటే ఇచ్చిన లవణంలో ఏ అయాన్లున్నాయో గ్రూపుల వారీగా కనిపెట్టే ప్రయోగం, ఒక్కటి చాలు. మూడో గ్రూపు పరీక్షలో లవణ ద్రావణానికి ముందు అమ్మోనియం క్లోరైడు, తర్వాత అమ్మోనియం హైడ్రాక్సైడు కలపాలి. ఆ వరుసను విద్యార్థులందరూ కంఠస్థం చేస్తారు. అమ్మోనియం క్లోరైడు ముందు ఎందుకు అని వైవాలో (మౌఖిక పరీక్షలో) అడిగితే చాలామంది మౌనంగా నిలబడతారు. నిజానికి దాని జవాబు వారు మొదటి సంవత్సరం సమతాస్థితి అధ్యాయంలో చదివిన ఉమ్మడి అయాను ప్రభావమే. అమ్మోనియం అయాన్లు ఎక్కువైతే అమ్మోనియం హైడ్రాక్సైడు అయనీకరణం తగ్గి, హైడ్రాక్సైడు అయాన్ల గాఢత అల్యూమినియం, ఫెర్రిక్ హైడ్రాక్సైడులు అవక్షేపించడానికి సరిపోయేంత మాత్రమే మిగులుతుంది, మెగ్నీషియం వంటివి ద్రావణంలోనే ఉండిపోతాయి. రెండో గ్రూపులో హైడ్రోజన్ సల్ఫైడును ఆమ్ల యానకంలో పంపడం, నాలుగో గ్రూపులో అదే వాయువును క్షార యానకంలో పంపడం వెనుక ఉన్నదీ ఇదే సూత్రం, దానితోపాటు ద్రావణీయతా లబ్ధం, అంటే అయాన్ల గాఢతల లబ్ధం ఏ హద్దు దాటితే అవక్షేపం పడుతుందో చెప్పే విలువ. మొదటి ఏడాది సమతాస్థితి పాఠం చెప్పే వారంలోనే రెండు పరీక్షనాళికలు తీసుకుని, ఒకదానిలో అమ్మోనియం క్లోరైడు కలిపి, రెండోదానిలో కలపకుండా, మెగ్నీషియం లవణంతో తేడా చూపిస్తే ఆ సూత్రం విద్యార్థి కళ్ల ముందే తెల్లని అవక్షేపంగా కనపడుతుంది. మన ప్రణాళికలో మాత్రం ఆ సూత్రానికీ ఆ పరీక్షనాళికకూ మధ్య ఏడాదికి పైగా ఎడం ఉంది. అన్ని నెలల తర్వాత రెండింటినీ తనంతట తాను కలుపుకొనే విద్యార్థి ఎక్కడో ఒకరు ఉంటారు. మిగిలిన వారి సంగతి మనం ఆలోచించాలి.

పొటాషియం పర్మాంగనేట్, ఆక్సాలిక్ ఆమ్లం అంశమాపనం (టైట్రేషన్) గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే ప్రణాళిక ఎలా ఉండాలో నాకు నేర్పింది ఆ ప్రయోగమే. శంఖాకార కుప్పెలోని ఆక్సాలిక్ ఆమ్లానికి సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి 60 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేసి, బ్యూరెట్ నుంచి పర్మాంగనేట్ చుక్క వదిలితే, మొదటి చుక్క గులాబీ రంగు వెంటనే పోదు. కుప్పెను తిప్పుతూ ఓపిక పట్టాలి. కొన్ని చుక్కలు పడ్డాక అదే రంగు పడీపడగానే మాయమవుతుంది. మొదట నిదానంగా జరిగిన చర్య తర్వాత ఎందుకు పుంజుకుందని అడగని విద్యార్థిని నేను చూడలేదు. చర్యలో పుట్టిన మాంగనీస్ అయానే ఆ చర్యకు ఉత్ప్రేరకమవుతుందన్నది దాని జవాబు. స్వయం ఉత్ప్రేరణను రెండో సంవత్సరంలో నిర్వచనంగా చదవబోయే విద్యార్థికి అది ముందే స్వానుభవంగా అందుతుంది.

ఆ ఒక్క కుప్పెలో ఇంకా ఎన్ని పాఠాలున్నాయో గమనించండి. రెండు పర్మాంగనేట్ అయాన్లకు ఐదు ఆక్సలేట్ అయాన్లు ఎందుకో లెక్క కట్టడంలో ఆక్సీకరణ, క్షయకరణ సమీకరణాల తుల్యత ఉంది. మాంగనీస్ +7 నుంచి +2 కు దిగి గాఢమైన ఊదా రంగు దాదాపు వర్ణరహితం కావడంలో పరివర్తన మూలకాల అధ్యాయం ఉంది. చర్య ముగిసిందని రంగు మారి చెప్పే వేరే సూచిక అక్కర లేకపోవడానికి కారణం ఆ రంగే. సల్ఫ్యూరిక్ ఆమ్లానికి బదులు హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడితే పర్మాంగనేట్ క్లోరైడునూ ఆక్సీకరిస్తుంది కాబట్టి రీడింగు పెరుగుతుంది, నత్రికామ్లం వాడితే అదే స్వయంగా ఆక్సీకరణి కాబట్టి లెక్క తప్పుతుంది. ఈ ప్రశ్నలన్నీ విద్యార్థులతోనే వేయించవచ్చు. లోతైన కోర్సు అంటే ఇదీ అని నా అభిప్రాయం. గురుకులాల్లోనూ కార్పొరేట్ కళాశాలల్లోనూ చురుకైన విద్యార్థులకంటూ విడిగా ఇచ్చే అదనపు మెటీరియల్‌లో ప్రశ్నల సంఖ్య పెరుగుతుందే తప్ప ఈ లోతు నాకు కనిపించలేదు. ఒక ప్రయోగాన్ని మొదటి ఏడాది ఒకసారి మోల్ (పదార్థాన్ని కణాల సంఖ్యతో లెక్కించే ప్రమాణం) లెక్కల కోసం, రెండో ఏడాది మరోసారి చర్యా రేట్ల కోసం చేయిస్తే అది పునరుక్తి కాదు. రెండోసారి విద్యార్థి వేరే కళ్లతో చూస్తాడు.

అధ్యాయాల వరుస విషయంలో ఒక్క మార్పు మాత్రం తప్పనిసరి అని నమ్ముతున్నాను. తెలుగు అకాడమీ మొదటి సంవత్సరం పుస్తకంలో స్టాయికియోమెట్రీ, అంటే మోల్ భావనతో చర్యల్లోని పదార్థాల పరిమాణాలు లెక్కకట్టే పాఠం, ఐదో అధ్యాయంగా ఉంటూ వచ్చింది. దానికి ముందు పరమాణు నిర్మాణం, ఆవర్తన ధర్మాలు, రసాయన బంధం, పదార్థ స్థితులు ఉన్నాయి. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకం మోల్ భావనతోనే మొదలవుతుంది. పదో తరగతి దాటి జూన్‌లో మా దగ్గరికి వచ్చిన విద్యార్థికి తొలి నెలలోనే క్వాంటం సంఖ్యలు, ఆర్బిటాళ్ల ఆకారాలు చెబుతున్నాం. వాటిని చేత్తో తాకి చూసే మార్గం లేదు. మోల్‌ను మాత్రం తూకం వేసి చూపించవచ్చు. 18 గ్రాముల నీరు, 58.5 గ్రాముల ఉప్పు, 342 గ్రాముల పంచదార పక్కపక్కన పెట్టి, ఈ మూడింటిలోనూ ఒక్కో మోల్ ఉందని చెప్పి, దశమ మొలార్ ద్రావణం (లీటరులో మోల్‌లో పదో వంతు ఉన్నది) ఒక్కటి విద్యార్థి చేతనే తయారు చేయిస్తే, ఆ తర్వాత రెండేళ్లలో వచ్చే ప్రతి లెక్కకూ పునాది పడుతుంది. ఇక్కడే మరో చిన్న విషయం: 2019 మే 20 నుంచి మోల్ నిర్వచనం మారింది, 12 గ్రాముల కార్బన్-12 ఆధారంగా కాకుండా 6.02214076×10²³ కణాలుగా స్థిరపడింది. పాత ముద్రణలతో చదువు చెప్పే కళాశాలలకు ఇలాంటి మార్పులు మండలి నుంచి ఒక పేజీ సర్క్యులర్‌గా అందితే మేలు.

పోటీ పరీక్షల మాట నాకు తెలుసు. ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, నీట్‌లోని 180 ప్రశ్నల్లో రసాయన శాస్త్రానివి 45, బ్యూరెట్ పట్టుకోవడానికి అక్కడ మార్కులు లేవు. తల్లిదండ్రులు అడిగేదీ ఇదే, వారి ఆందోళనను నేను చిన్నచూపు చూడను. ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కుల వెయిటేజీ కూడా మన రాష్ట్రంలో తొలగించారు కాబట్టి ఇంటర్ చదువు పట్ల శ్రద్ధ ఇంకా సడలుతుందన్న భయం కొందరు అధ్యాపకుల్లో ఉంది. నేను దాన్ని అవకాశంగా చూస్తున్నాను. ర్యాంకును తేల్చే పని ప్రవేశ పరీక్షకు వెళ్లిపోయాక, అదే పరీక్షను అనుకరించాల్సిన అవసరం మండలికి లేదు. ప్రవేశ పరీక్ష కొలవలేని దాన్ని, అంటే పరిశీలించడం, కొలవడం, కొలతలోని దోషాన్ని గుర్తించడం వంటి వాటిని, మండలి నేర్పి కొలవగలదు. పైగా ఉమ్మడి అయాను ప్రభావాన్ని పరీక్షనాళికలో చూసిన విద్యార్థి బహుళైచ్ఛిక ప్రశ్నలో తడబడడు.

ప్రయోగాలకు అంశాలు మన ఊళ్లలోనే ఉన్నాయి. ఉమ్మడి నల్గొండ జిల్లా ఫ్లోరైడ్ నీటితో తరాలుగా ఎంత బాధపడిందో రాష్ట్రమంతటికీ తెలుసు. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు భారతీయ ప్రమాణాలు లీటరుకు 1 మిల్లీగ్రామును వాంఛనీయ పరిమితిగా, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాములను గరిష్ఠ పరిమితిగా పెట్టాయి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరు. మన జిల్లా పేరుతో దేశమంతా తెలిసిన ఈ పద్ధతిని మన విద్యార్థి ప్రయోగశాలలో ఒక్కసారైనా చూడాలి. ఫ్లోరైడ్‌ను కొలిచే పరికరాలు జూనియర్ కళాశాలల్లో ఉండవు, అయితే పటిక, సున్నం కలిపిన నీటిలో అల్యూమినియం హైడ్రాక్సైడు తెట్టు కట్టి అడుగుకు దిగడాన్ని గాజు బీకరులో చూపించడానికి పెద్ద ఖర్చేమీ లేదు.

కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల వచ్చే నీటి కఠినత్వాన్ని మాత్రం మన కళాశాలల్లోనే కొలవవచ్చు. ప్రతి విద్యార్థీ తన ఇంటి బోరు నీళ్లు ఒక సీసాలో తెచ్చి, అమ్మోనియా బఫర్‌తో పీహెచ్ 10 దగ్గర ఉంచి, ఎరియోక్రోమ్ బ్లాక్ టి సూచికతో ఆ లోహ అయాన్లను బంధించే ఈడీటీఏ ద్రావణంతో అంశమాపనం చేస్తే ద్రాక్షసారా ఎరుపు రంగు నీలంగా మారే చోట జవాబు దొరుకుతుంది. కాల్షియం కార్బోనేటుగా లెక్కించినప్పుడు లీటరుకు 200 మిల్లీగ్రాములు వాంఛనీయం, 600 గరిష్ఠం అన్న ప్రమాణంతో తన ఊరి నీటిని తానే పోల్చుకుంటాడు. అదే నీటిని మరిగించి, వడగట్టి మళ్లీ కొలిస్తే మరిగిస్తే పోయే తాత్కాలిక కఠినత్వం ఎంతో, మిగిలే శాశ్వత కఠినత్వం ఎంతో విడివిడిగా తేలుతుంది. ఆసక్తి ఉన్న విద్యార్థి అక్కడి నుంచి వానాకాలానికీ ఎండాకాలానికీ తేడా చూడవచ్చు, బావికీ బోరుకీ తేడా చూడవచ్చు. ఆ ప్రశ్న అధ్యాపకుడిది కాకుండా విద్యార్థిదే కావడం నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది.

ఇక ఆచరణ సంగతి. ఒక సెక్షన్‌లో 88 మంది వరకు ఉన్నప్పుడు ఒక పీరియడ్‌లో ప్రయోగం సాధ్యం కాదు. సెక్షన్‌ను జట్లుగా విడదీసి, ఒక్కో జట్టుకు వరుసగా రెండు పీరియడ్లు టైంటేబుల్‌లోనే కేటాయించాలి, ఆ కేటాయింపు ప్రిన్సిపాల్ ఇష్టానికి వదలకుండా మండలి వార్షిక ప్రణాళికలోనే ఉండాలి. ల్యాబ్ అటెండర్ లేని చోట రసాయనాలు కలపడం నుంచి సీసాలు కడగడం వరకు అధ్యాపకుడే చేయాల్సి వస్తోంది, ఆ ఖాళీలు నిండాలి. రసాయనాల నిధులు ఏడాది చివర కాక జూన్‌లోనే అందాలి. ఖర్చు, భద్రత రెండూ కలిసొచ్చే మార్గం సూక్ష్మ స్థాయి ప్రయోగాలు: మిల్లీలీటర్లకు బదులు చుక్కలతో లవణ పరీక్షలు చేస్తే రసాయనం తగ్గుతుంది, వ్యర్థం తగ్గుతుంది, గాలి సరిగా ఆడని గదుల్లో హైడ్రోజన్ సల్ఫైడు వంటి విష వాయువు తగ్గుతుంది. కళ్లద్దాలు, ప్రథమ చికిత్స పెట్టె, ఇసుక బకెట్ లేని ప్రయోగశాలలో ఒక్క ప్రయోగమూ జరగకూడదు. ప్రభుత్వ కళాశాలలో జూనియర్ లెక్చరర్ ఉద్యోగానికి పీజీ అర్హత సరిపోతుంది, బోధన శిక్షణ నిబంధన లేదు. కొత్తగా చేరినవారికి కనీసం ప్రయోగశాల నిర్వహణలోనైనా శిక్షణ ఇప్పించండి.

చివరగా, ప్రశ్నపత్రం. ప్రణాళిక ఎంత బాగున్నా మార్చి నెల ప్రశ్నపత్రంలో ప్రతిఫలించకపోతే అది కాగితం మీదే ఉంటుంది. ఇన్నేళ్లుగా 60 మార్కుల పత్రంలో నాలుగు మార్కుల ప్రశ్నలు ఎనిమిది ఇచ్చి ఆరు రాయమంటూ వచ్చాం. వాటిలో ఒకదాన్ని తప్పనిసరి చేసి, ప్రయోగశాల దత్తాంశం మీద అడగండి. మూడు బ్యూరెట్ రీడింగులు ఇచ్చి, వాటిలో ఏది తిరస్కరించాలో, ఎందుకో రాసి, గాఢత కట్టమనండి. ప్రాక్టికల్ పరీక్షలో ప్రతి ప్రయోగానికీ తేదీ వేసి, అధ్యాపకుడు అప్పుడే సంతకం చేసిన రికార్డును మాత్రమే అంగీకరించి, వైవా ప్రశ్నలు ఆ విద్యార్థి సొంత రీడింగుల మీదే అడిగించండి. ప్రాక్టికల్స్ మార్కుల్లో కొంత భాగాన్ని మొదటి సంవత్సరం ప్రయోగాలకు కేటాయించండి.

ఇవన్నీ ఒకేసారి అన్ని కళాశాలల్లో సాధ్యం కాదని నాకు తెలుసు. ప్రతి జిల్లాలో ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలనూ, ఒక గురుకులాన్నీ, ఒక మోడల్ స్కూలునూ ఎంచుకుని వచ్చే విద్యా సంవత్సరం ఈ వరుసలో నడిపి చూడమని కోరుతున్నాను. నెలవారీ ముసాయిదాను తరగతిలో పాఠం చెబుతున్న అధ్యాపకులతోనే రాయించి, వేసవి సెలవులకు ముందే మా అందరి ముందు ఉంచితే, జూన్‌లో కళాశాలలు తెరిచే నాటికి ప్రయోగాలకు కావలసినవన్నీ సిద్ధం చేసుకోగలం.

ఇట్లు,
భవదీయుడు,
ప్రభుత్వ జూనియర్ కళాశాల రసాయన శాస్త్ర అధ్యాపకుడు