మన సైకిల్ బ్యాచ్ వార్షిక నివేదిక: ఈ ఏడాది తొక్కింది కొంత, తుడిచింది ఎక్కువ

అందరికీ నమస్కారం అండి. సెక్రటరీ పని నా నెత్తిన పెట్టారు కాబట్టి నాకు తోచినట్టే రాస్తున్నా, తిట్టాలనుకుంటే ఆదివారం పొద్దున్న విశాఖ బీచ్‌రోడ్డులో సబ్‌మెరైన్ దగ్గరికి వచ్చి తిట్టండి, నేను అక్కడే ఉంటా.

ముందు రైడ్ల సంగతి. మామూలు ఆదివారాలు కురుసుర (అదే, ఆ సబ్‌మెరైన్) దగ్గర మొదలెట్టి తెన్నేటి పార్కు, సాగర్ నగర్ మీదుగా రుషికొండ దాకా వెళ్ళి రావడం, అంతే. తుఫాను వానలప్పుడు మూడు వారాలు ఆపేశాం. జూన్ 3 ప్రపంచ సైకిల్ దినం అని ఉత్సాహంగా బయల్దేరాం గానీ ఆ ఉక్కపోతకి సగంలోనే కొబ్బరిబొండాల బండి దగ్గర కూలబడ్డాం. ఆ రోజుని జూన్‌లో పెట్టినవాళ్ళెవరో విశాఖపట్నం వచ్చి ఉండరు.

జనవరిలో భీమిలి రైడ్ మాత్రం బాగా కుదిరింది. రానుపోను 50 కిలోమీటర్ల పైమాటే, తొట్లకొండ కింద చలిగాలి, ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఎండ పడేసరికి అందరూ ఫోటోలకి ఆగిపోయారు, ఇక భీమిలి చేరేసరికి ఎవరికీ మాట్లాడే ఓపిక లేదు, ఇడ్లీలు మాత్రం బాగానే లాగించారు. తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి. దాని గురించి వద్దులెండి.

కొత్తగా చేరినవాళ్ళకి ఒక మాట. సైకిల్ కొనే ముందు దయచేసి మాలో ఎవర్నైనా అడగండి. లావు టైర్లు, ముందూ వెనకా సస్పెన్షన్, చూడ్డానికి బుల్లెట్ బండిలా ఉంటుంది, రుషికొండ ఎత్తు వచ్చేసరికి దిగి తోసుకోవడమే. మన రోడ్లకి గేర్లున్న మామూలు హైబ్రిడ్ (సన్న టైర్ల రోడ్డు సైకిల్‌కీ లావు టైర్ల సైకిల్‌కీ మధ్య రకం) చాలు. ఒక మాస్టారు, ఆరడుగుల మనిషి, డిస్కౌంట్ వచ్చిందని చిన్న ఫ్రేమ్ కొనేశారు, రెండు నెలలు మోకాళ్ళ నొప్పి. చివరికి సీటు పైకి లేపాం. పెడల్ బాగా కిందకి ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా రావాలి, అదే లెక్క. నొప్పి తగ్గింది గానీ ఫ్రేమ్ చిన్నదే కదా, ఆ సైకిల్ ఇప్పుడు వాళ్ళబ్బాయి తొక్కుతున్నాడు.

ఇక అసలు విషయం, తుప్పు. ఈ ఏడాది మనం తొక్కిన దానికన్నా చైన్లు తుడిచిందే ఎక్కువేమో. ఉప్పుగాలికి నాలుగు రోజులు బాల్కనీలో వదిలేస్తే చైన్ ఎర్రబడిపోతుంది. మా సెల్లార్‌లో పెట్టిన రిపేర్ ఆదివారం నాడు ఒకావిడ సైకిల్ తెచ్చారు, చైన్ తిప్పితే కరకరమని అప్పడం నమిలినట్టు శబ్దం. ఏం వేశారమ్మా అంటే కొబ్బరినూనె అన్నారు! దానికి బీచ్ ఇసకంతా అంటుకుని నల్లటి ముద్దైపోయింది. పాత లుంగీ గుడ్డలతో గంటన్నర తుడిచాం. రైడ్ అయ్యాక పొడి గుడ్డతో తుడిచి, లింకు లింకుకీ ఒక్క చుక్క చైన్ ఆయిల్ వేసి, పైన మిగిలింది మళ్ళీ తుడిచేయాలి. నూనె లింకుల లోపల ఉంటే చాలు, పైన ఉంటే ఇసకకి అన్నం పెట్టినట్టే.

ఒక చిన్న ప్రమాదం కూడా అయింది, ఆపి ఉన్న కారు తలుపు ఉన్నట్టుండి తెరిచారు, మనవాడి మోచెయ్యి గీసుకుపోయింది, హెల్మెట్ ఉంది కాబట్టి తలకి ఏం కాలేదు. ఆగిన కార్లకి బారెడు దూరంగా తొక్కండి. తెల్లారకముందు వచ్చేవాళ్ళు వెనక ఎర్ర లైటు లేకుండా వస్తే ఈసారి నుంచి ఇంటికి పంపించేస్తాం, నిజంగానే.

డబ్బుల లెక్క చిన్నదే. చందాలన్నీ ప్యాచ్‌లకీ, ట్యూబులకీ, చైన్ ఆయిల్‌కీ, గాలి ఎంతుందో చూపే మీటరున్న ఒక ఫ్లోర్ పంపుకీ (నేల మీద పెట్టి కొట్టేది) అయిపోయాయి. బిల్లులు నా దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. టైర్ పక్కన ఎంత గాలి పట్టాలో రాసుంటుంది, ఆ మీటర్ చూసి కొట్టుకోండి, బొటనవేలితో నొక్కి చూసే అలవాటు మానండి.

అన్నట్టు ఆ పంపు సంక్రాంతికి ముందు ఎవరో తీసుకెళ్ళారు. ఎవరి దగ్గరుందో చెప్తే నేనే వచ్చి తెచ్చుకుంటా.